గుమ్మలూరిపేట కర్పూర ప్రమాణ పథకం

గుమ్మలూరిపేట మున్సిపాలిటీ చెప్పే మాట ఎవరూ నమ్మరన్న సంగతి ఆ ఊళ్ళో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా మున్సిపాలిటీకే. ఆ ముక్క తెలుసుకోవడానికి వాళ్ళు హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించుకోవలసి వచ్చింది.

ఆయన పేరు ప్రణవ్. మెడలో తాడు, తాడుకో కార్డు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. వారం రోజులు ఊరంతా తిరిగి, సర్వే చేసి, కౌన్సిల్ హాల్లో తెల్లగుడ్డ మీద బొమ్మలు వేసి చూపించాడు.

"సర్, మీ మీద పబ్లిక్ ట్రస్ట్ మైనస్‌లో ఉంది," అన్నాడు.

"మైనస్సంటే ఏంటయ్యా? సున్నా కంటే తక్కువ నమ్మకం కూడా ఉంటదా?" అన్నారు ఛైర్మన్ సూరపరాజు గారు.

"ఉంటుంది సర్. మీరు చెప్పింది నమ్మకపోతే సున్నా. మీరు చెప్పారు కాబట్టి దానికి ఎదురు నమ్మితే మైనస్."

ఉదాహరణకి గంటస్తంభం దగ్గరి గొయ్యిని చూపించాడు. ఆ గోతిలో అంతవరకూ ఒక్కరూ పడలేదు. ఊళ్ళో వాళ్ళందరికీ అది చుట్టంలా పరిచయం. 'ముందు గొయ్యి ఉంది, జాగ్రత్త' అని మున్సిపాలిటీ బోర్డు పాతిన మర్నాడు ముగ్గురు పడ్డారు. ఆసుపత్రిలో మంచం దగ్గరికెళ్ళి అడిగితే, "బోర్డు పెట్టింది మీరే కదండీ. పూడ్చేశారేమో అనుకున్నాం," అన్నారట.

హాల్లో ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో కూర్చున్న చిట్నీడి తాతబ్బాయి మాత్రం తల దించుకున్నాడు. ఎందుకంటే ఆ బోర్డు రాసింది ఆయనే. ఆ బోర్డే కాదు, ఊళ్ళో కరెంటు స్తంభాలకి వేలాడే ప్రతి ఫ్లెక్సీలో ప్రతి అక్షరమూ ఆయనదే. తాతబ్బాయి ఆ మున్సిపాలిటీకి పౌర సంబంధాల అధికారి. 'అద్దంలాంటి రోడ్లు' అని రాసి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోంచి ఇంటికి నడిచి వెళ్ళే ఉద్యోగం ఆయనది.

స్వతహాగా అబద్ధాలాడే మనిషి కాడు పాపం. కానీ ఇన్నేళ్ళు రాసిన రాతలు మనిషిని అంటుకోకుండా పోతాయా? వీధిలో ఆయన "ఇవాళ వాన పడేలా ఉంది" అంటే జనం బట్టలు ఆరేసుకునేవాళ్ళు. ఇంట్లో భార్య మంగతాయారు మరీను. "తలనొప్పిగా ఉందే" అంటే, "ప్రెస్ నోటు వద్దు, అసలు సంగతి చెప్పండి," అనేది. ఆవిడ ఎగతాళికే అనేది. ఆయనకి మాత్రం ముల్లులా గుచ్చుకునేది. సొంత ఇంట్లో సొంత తలనొప్పికి సాక్ష్యం తెచ్చుకోవలసిన మనిషి బతుకు ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

సరే, నమ్మకం లేదని తేలింది. తెప్పించడం ఎలా? ప్రణవ్ మరో పాతిక బొమ్మలు వేయబోతుంటే ఛైర్మన్ గారు చెయ్యెత్తి ఆపేశారు.

"నీ బొమ్మలాపవయ్యా. నేను పంచాయితీ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు, చెరువులో చేపలు నేనే పట్టించేశానని ఊరు ఊరంతా నా మీద పడింది. ఏం చేశాననుకున్నావ్? తడిబట్టల్తో నూకాలమ్మ గుడికెళ్ళి, కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, 'నేను పట్టలేదు' అని ప్రమాణం చేశాను. ఇంకొక్కడు నోరెత్తితే ఒట్టు."

"మరి చేపలు, సర్?"

"వలలెయ్యడానికి మనుషులుంటారు కదా. నేనెందుకు పడతాను?" అన్నారు ఛైర్మన్ గారు.

కమిషనర్ గారు ఆ ఆలోచనను అక్కడికక్కడే సర్క్యులర్ కింద మార్చేశారు. 'పురప్రజలలో నెలకొనియున్న అపోహలను నివృత్తి గావించు నిమిత్తము, ఇకపై పురపాలక సంఘము వెలువరించు ప్రతి ప్రకటనకును, బాధ్యత గల ఉద్యోగి ఒకరు శ్రీ నూకాలమ్మవారి ఆలయము ఎదుట, ప్రజ్వరిల్లుచున్న కర్పూరమును అరచేతితో ఆర్పి, సదరు ప్రకటన సత్యమని ప్రమాణము గావించవలెను.'

బాధ్యత గల ఉద్యోగి ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. ఇంజనీరు గారికి చిన్నప్పటి నుంచీ కర్పూరం వాసన పడదని అప్పుడే గుర్తొచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు భార్య కడుపుతో ఉందన్నారు. ఆవిడ టీచరుగా రిటైరై ఏడాదయింది. మేనేజరు గారైతే ఆఫీసులో బాధ్యత గల ఉద్యోగి ఎవరూ లేరని నోటు పెట్టబోయారు. చివరికి అందరూ కలిసి మెడలు వెనక్కి తిప్పి తాతబ్బాయిని చూశారు.

మొదటి ప్రమాణం పార్కులో బల్లల గురించి. 'పార్కునందు అత్యాధునిక విశ్రాంతి ఆసనముల ఏర్పాటు' అని ప్రకటన తయారైంది. తాతబ్బాయి ఇంటికెళ్ళి తువ్వాలు తడిపి ఇమ్మన్నాడు. మంగతాయారు విషయం విని తువ్వాలు వెనక్కి దాచేసింది.

"బల్లలు చూశారా మీరు?"

"కాంట్రాక్టరు చెప్పాడే."

"మరి కర్పూరం కాంట్రాక్టరు చేతిలో వెలిగిస్తారా? ఫ్లెక్సీల మీద మీరు ఏం రాసుకున్నా నేనేవన్నా అన్నానా? నూకాలమ్మ ముందు దొంగ ప్రమాణం చేస్తే ఆ తల్లి ఊరుకుంటదనుకున్నారా? మనకున్నది ఒక్కగానొక్క పిల్ల. వెళ్ళి చూసి రండి ముందు!"

తాతబ్బాయి సైకిలేసుకుని పార్కుకెళ్ళి, ఒక్కో బల్ల మీదా కూర్చుని చూశాడు. సాయంత్రం గుడి ముందు జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. ఆయన కర్పూరం మీద చెయ్యి వేసి, కమిషనర్ గారిచ్చిన వాక్యం నోటికి రాక, చూసింది చూసినట్టు చెప్పేశాడు.

"పార్కులో బల్లలు వేశారండి. నేను కూర్చుని చూశాను. చివరి బల్లకి ఒక కాలు ఊగుతోంది. దాని మీద కూర్చోకండి."

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. తర్వాత అందరూ కట్టగట్టుకుని పార్కుకి పరిగెత్తారు. బల్లలున్నాయి! చివరి బల్ల ఊగింది! "ఊగుతోందిరోయ్, నిజంగానే ఊగుతోంది!" అని కేకలు. ఆ రాత్రి దాకా గుమ్మలూరిపేట వాసులు వరసలో నిలబడి మరీ ఆ ఊగే బల్ల మీద కూర్చుని వెళ్ళారు. మున్సిపాలిటీ చెప్పిన నిజాన్ని పిర్రలతో తాకి చూసే అదృష్టం మళ్ళీ వస్తుందో రాదో అని వాళ్ళ భయం.

అప్పటినుంచి తాతబ్బాయికి ఊళ్ళో కొత్త జీవితం మొదలైంది. కిళ్ళీకొట్టు దగ్గర తగువొస్తే "తాతబ్బాయి గారిని అడగండెహె" అనేవాళ్ళు. ఒకరోజు భోజనాల దగ్గర మంగతాయారు, "గ్యాసు బండ ఎప్పుడొస్తదన్నారు?" అనడిగింది. "ఎల్లుండి" అన్నాడు. "అయితే ఎల్లుండి దాకా సర్దుతాను లెండి," అని ఆవిడ లేచి చెంబు తెచ్చుకుంది. అంతే. ఏజెన్సీకి ఫోను చేసి అడగలేదు, పక్కింటావిడని వాకబు చెయ్యలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి తన మాట మీద ఒక పొయ్యి ఆధారపడిందని తాతబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఇటు పథకానికి రాష్ట్రస్థాయి మెచ్చుకోలు వచ్చింది. కమిషనర్ గారు శాలువా కప్పించుకొచ్చారు. ఆ తర్వాత మొదలైంది అసలు తంటా. ప్రమాణం లేని ఫ్లెక్సీని జనం కన్నెత్తి చూడటం మానేశారు. ప్రమాణం చెయ్యాలంటే తాతబ్బాయి వెళ్ళి చూడాలి. చూస్తే ఫ్లెక్సీలో మాట నిలబడదు.

'ఇరవైనాలుగు గంటల తాగునీరు' అని రాసిస్తే, ఆయన కుళాయి పక్కన స్టూలేసుకుని కూర్చుని వచ్చి, 'నీళ్ళు రోజుకో గంట వస్తాయి. ఆ గంట ఏదో మాకూ తెలియదు' అని మార్చాడు. 'దోమల రహిత గుమ్మలూరిపేట' కాస్తా 'దోమల మందు కొన్నాం. దోమలు ఉన్నాయి' అయింది. 'విద్యుద్దీపాలతో వెలిగిపోతున్న ప్రధాన వీధి'కి బదులు 'మార్కెట్ దాకా దీపాలున్నాయి, ఆ తర్వాత టార్చి తెచ్చుకోండి' అని వేశారు. జనం ఆ ఫ్లెక్సీలు చదివి చప్పట్లు కొట్టేవాళ్ళు. టార్చిలైట్లు తెచ్చుకునేవాళ్ళు కూడా.

ఫ్లెక్సీల మీద ఛైర్మన్ గారి ఫోటో మాత్రం ఎప్పటిలా నిలువెత్తుగా ఉండేది. దాని కింద అక్షరాలే రోజురోజుకీ తగ్గిపోయాయి. ఆఖరికి మున్సిపాలిటీ వార్షికోత్సవానికి 'మన ఊళ్ళో ఒక మున్సిపాలిటీ ఉంది' అన్న ముక్క ఒక్కటే మిగిలింది. ఆ ముక్కకి కూడా తాతబ్బాయి పొద్దున్నే ఆఫీసు దాకా వెళ్ళి, భవనం చుట్టూ తిరిగి చూసొచ్చాకే కర్పూరం ఆర్పాడు.

"ఏవయ్యా తాతబ్బాయీ, నమ్మించమంటే నిజం చెప్తున్నావేంటి?" అని ఛైర్మన్ గారు గుడ్లురిమారు. "నిజం చెప్పి నమ్మించడానికి నువ్వెందుకయ్యా, జీతం దండగ!"

కమిషనర్ గారు వెంటనే వివరణ ఉత్తర్వులు జారీ చేశారు. 'కర్పూరమునకు బదులుగా విద్యుత్ కర్పూరమును వినియోగించవచ్చును. సత్యమనగా దస్త్రములలో కనిపించునంతవరకు మాత్రమే సత్యమని గ్రహించవలెను. ప్రమాణ సమయమున దైవభీతి ఐచ్ఛికము.' జనం బ్యాటరీ కర్పూరాన్ని చూసి పొట్టలు పట్టుకుని నవ్వి ఇళ్ళకెళ్ళిపోయారు.

అప్పుడు ప్రమాణాలను ఔట్‌సోర్సింగుకి ఇవ్వాలని తీర్మానించారు. టెండరు పిలిచారు. 'ప్రమాణకర్త దైవభక్తి కలిగి, కనీసము ఇద్దరు సంతానము గలవాడై యుండవలెను. అసత్య ప్రమాణము వలన సంభవించు సమస్త అరిష్టములను కాంట్రాక్టరే భరించవలెను. పురపాలక సంఘమునకు ఎట్టి బాధ్యతయు లేదు.' ఒక్కరంటే ఒక్కరు రాలేదు. సంతానం నిబంధన సడలించారు. రాలేదు. భక్తి నిబంధన కూడా ఎత్తేశాక పై జిల్లా నుంచి బుల్లబ్బులు అనే ఆయన వచ్చాడు. పెళ్ళి కాలేదు, నా అన్నవాళ్ళు లేరు, దేవుడి మీద నమ్మకం మొదలే లేదు. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని పూటకి ఎన్ని ప్రమాణాలైనా చేసేవాడు.

ఒక ముసలావిడ దగ్గరికొచ్చి, "నువ్వు ప్రమాణం తప్పితే నీకు పోయేదేవుంది నాయనా?" అనడిగింది.

"ఏవీ లేదమ్మా. అందుకే అందరికంటే తక్కువకి కోట్ చేశాను," అన్నాడు బుల్లబ్బులు నిజాయితీగా.

ఆయన చేసిన ప్రమాణాల్లో జనం నమ్మింది ఆ మాటొక్కటే.

ఇలా ఉండగా కొత్త నీళ్ళట్యాంకు పూర్తయింది. ఊళ్ళో ఉప్పునీళ్ళు తాగి తాగి జనం నాలుకలు మొద్దుబారిపోయాయి కాబట్టి ఆ ట్యాంకు మీద అందరికీ ఆశే. తాతబ్బాయి కూడా సంబరపడ్డాడు. ప్రారంభానికి ముందు డ్రోనుతో వీడియో తీస్తున్నారంటే, వివరాలు రాసుకుందామని మెట్లెక్కి పైకి వెళ్ళాడు. మూత తీశారు. లోపల గోడలన్నీ నీలంగా మెరిసిపోతున్నాయి. గుప్పుమని పెయింటు వాసన. వేలితో రాస్తే వేలు నీలమైంది.

కిందికి దిగి ఇంజనీరు గారిని పక్కకి లాగాడు.

"లోపల ఆ రంగేంటండీ?"

ఇంజనీరు గారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కిటికీ ఊచలకి వేసే ఎనామెల్ అండి. లోపల బూడిదరంగు సిమెంటు డ్రోనులో బాగోలేదన్నారు. పైనుంచి తీస్తే సముద్రంలా నీలంగా కనపడాలంట. తాగే నీళ్ళలో అది వెయ్యకూడదని నేను చెప్పానండి."

"చెబితే?"

"'చాలా మంచి పాయింటు' అని మెచ్చుకుని వేయించేశారండి."

మర్నాడు కమిషనర్ గారి గదిలో మీటింగు. మంత్రిగారు వస్తున్నారు. ట్యాంకు నీళ్ళ గురించి ఎవరు ప్రమాణం చేస్తే జనం బిందెలు పడతారని సర్వే చేస్తే, సర్వే అంతా ఒకటే పేరు చెప్పింది. బుల్లబ్బులికి ఒక్క ఓటూ రాలేదు. ప్రణవ్ ఒక కాగితం చదివాడు: "'ఈ నీరు పరిశుభ్రము. పసిబిడ్డలకు సైతము నిశ్చింతగా పట్టించవచ్చును.' ఇది మీరు చెప్పాలి సర్."

"ట్యాంకంతా రంగు వాసన కొడుతోంది కదండీ!" అన్నాడు తాతబ్బాయి.

"దాన్ని మేము ఫ్రెష్‌నెస్ నోట్ అంటాం సర్."

"కొత్తింట్లో రంగు వాసన రాదేంటయ్యా? అలాగని గృహప్రవేశం మానేస్తున్నామా?" అన్నారు ఛైర్మన్ గారు.

"ఇంటిని తాగం కదండీ."

కమిషనర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి తాతబ్బాయి గారూ. మీకీ విశ్వసనీయత ఎక్కడిది? పథకం ద్వారా సంక్రమించినది. కావున అది పురపాలక సంఘపు ఆస్తి. ఆఫీసు జీపు ఎటువంటిదో, మీ మాట మీద జనానికి ఉన్న నమ్మకమూ అటువంటిదే. అవసరార్థము దానిని వినియోగించుకొను సర్వాధికారములు మాకు కలవు. నిరాకరించినచో శాఖాపరమైన చర్య అనివార్యము."

తాతబ్బాయి సాయంత్రం ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. వీధిలో ఆడవాళ్ళు చింతపండు పెట్టి ఇత్తడి బిందెలు తోముకుంటున్నారు. ఎదురింటి రామలక్ష్మి చంకలో పిల్లాణ్ణి ఎత్తుకునే, "రేపు మీరు చెప్తారంట కదండీ బాబాయిగారూ! మీరు బాగున్నాయంటే మా బుడ్డోడికి ముందు ఆ నీళ్ళే పట్టిస్తాను," అని కేకేసింది. ఇదివరకైతే ఏం చెప్పినా పరవాలేదు, ఎవరూ వినేవాళ్ళు కాదు. ఆ రోజులే నయమనిపించింది తాతబ్బాయికి ఒక్క క్షణం.

మంగతాయారు అంతా వింది. "చెప్పకపోతే ఉద్యోగం తీసేస్తారా?" అంది.

"సస్పెండ్ చేస్తారు."

"చేస్తే చెయ్యనివ్వండి. మా తమ్ముడు ఎరువుల కొట్లో ఒక మనిషి కావాలని మొత్తుకుంటున్నాడు. కానీ ఏవండీ, మీరక్కడ నిలబడి 'నీళ్ళు మంచివి కావు' అంటే వాళ్ళు మైకు కట్టెయ్యరూ? బుల్లబ్బుల్నో ఇంకొకళ్ళనో నిలబెట్టి, మీకు మతి చలించిందని చెప్పించరూ?"

ఆ మాటా నిజమే. తాతబ్బాయి ఆలోచనలో పడ్డాడు.

మర్నాడు ట్యాంకు కింద షామియానా, వేదిక, రంగు కాగితాలు. నూకాలమ్మ పటాన్ని కూడా గుళ్ళోంచి తెచ్చి వేదిక మీదే పెట్టారు. ఎదురుగా కనుచూపు మేర బిందెలు, బిందెల వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు. ఎండ దంచేస్తోంది. వేదిక వెనక నుంచి ఎక్కబోతూ తాతబ్బాయి ఒక దృశ్యం చూశాడు. ప్రణవ్ ఒక కొత్త నీళ్ళసీసా సీలు తీసి, మంత్రిగారు వీడియో కోసం పట్టుకోవలసిన గాజుగ్లాసులో అంచు దాకా పోస్తున్నాడు. అంటే ట్యాంకు నీళ్ళేమిటో ప్రణవ్‌కీ తెలుసన్నమాట! తాతబ్బాయి చప్పుడు చెయ్యకుండా వేదిక ఎక్కాడు.

ఉపన్యాసాలయ్యాయి. పళ్ళెంలో కర్పూరం వెలిగింది. మైకు చేతికిచ్చారు. రామలక్ష్మి ముందు వరసలోనే ఉంది, బిందె ఒక చంకన, బుడ్డోడు ఇంకో చంకన.

"ప్రమాణం చేస్తానండి," అన్నాడు తాతబ్బాయి. వేదిక మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "నా సంగతి మీకు తెలుసు. కళ్ళతో చూసిందే నేను చెప్తాను. మంత్రిగారి ముందు గ్లాసుడు నీళ్ళున్నాయి. పెద్దలందరూ తలో గుక్క తాగితే, తాగారని ఈ అమ్మవారి ముందు ప్రమాణం చేస్తాను. అంతకంటే ఏం కావాలండీ మనకి?"

జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు గ్లాసు వైపు చూశారు. గ్లాసులో నీళ్ళు తళతళలాడుతున్నాయి.

ప్రణవ్ ఒక్క గంతులో మంత్రిగారి చెవి దగ్గరికి చేరాడు. "తాగెయ్యండి సర్, ఏం పరవాలేదు. అవి సీసా నీళ్ళు. నేనే పోశాను."

మంత్రిగారు పెదవులు కదపకుండా అన్నారు: "మొన్న నా సభ లెక్క కూడా నువ్వే కట్టి, లక్షమంది వచ్చారన్నావు. నేను లెక్కపెట్టుకున్నాను, పోలీసులతో కలిపి నాలుగొందలు." తర్వాత మైకులో గంభీరంగా, "మాది ప్రజల ప్రభుత్వం. స్థానిక సంస్థలకే మొదటి గౌరవం!" అని గ్లాసు ఛైర్మన్ గారికి అందించారు.

ఛైర్మన్ గారి చెవిలోనూ ప్రణవ్ ఒట్టేసి చెప్పాడు. "నీ ఒట్టూ నువ్వూ. సర్వేలో నేను ముందున్నానని కూడా ఒట్టేశావు," అని పళ్ళు నూరి, ఛైర్మన్ గారు పెద్దగా, "నేను ప్రజాసేవకుణ్ణి మాత్రమే. పాలనంతా కమిషనర్ గారిదే!" అని గ్లాసు పక్కకి తోశారు.

కమిషనర్ గారు గ్లాసును వెలుతురుకి పెట్టి నిశితంగా పరిశీలించారు. "ఇది సాంకేతికాంశముతో ముడిపడి యున్నందున, ఇంజనీరింగు విభాగము వారి అభిప్రాయము తీసుకొనుట సముచితము," అని తగు చర్య నిమిత్తం ఇంజనీరు గారికి పంపించారు. ప్రణవ్ "సీసా నీళ్ళండీ, మా అమ్మతోడు!" అని బతిమాలాడు. ఇంజనీరు గారు మంచివాడు, కానీ ఎనామెల్ సంగతి తెలిసినవాడు. "ఇవాళ శనివారం, ఒక్కపొద్దండి," అని గ్లాసు దాటించారు. జనంలోంచి ఎవరో "ఇవాళ బుధవారం!" అని అరిచారు.

చివరికి గ్లాసు బుల్లబ్బులు దగ్గరికి చేరింది. పోయేదేమీ లేని మనిషి కదా, తాగేస్తాడని వేదికంతా ఆశగా చూసింది. ఆయన రబ్బరు తొడుగు సవరించుకుని తల అడ్డంగా ఊపాడు. "నా టెండరులో ప్రమాణం చెయ్యడం వరకే ఉందండి. తాగడం అదనపు పని," అని గ్లాసు తెచ్చి తాతబ్బాయి చేతిలో పెట్టాడు.

తాతబ్బాయికి అందులో ఏమున్నాయో తెలుసు. మంచి చల్లటి సీసా నీళ్ళు. గొంతు ఎండిపోయి ఉంది. కానీ తను గుక్కెడు తాగితే చాలు, ఎదురుగా ఉన్న బిందెలన్నీ కుళాయిల కిందికి వెళతాయి. ఆయన గ్లాసు పైకెత్తి అందరికీ చూపించాడు. రెండో చెయ్యి కర్పూరం మీద బోర్లించి ఆర్పాడు.

"అమ్మవారి సాక్షిగా చెప్తున్నానండి. ఈ గ్లాసు మంత్రిగారి దగ్గర ఎంత నిండుగా బయల్దేరిందో, పెద్దలందరి చేతులూ దాటి నా దగ్గరికి అంతే నిండుగా చేరింది. ఒక్క చుక్క తగ్గలేదు."

రామలక్ష్మి వంగి బిందె ఎత్తుకుని, బుడ్డోణ్ణి సర్దుకుని, వెనక్కి తిరిగింది. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఆ వెనక వరసకి వరస. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసుకుంటూ గుమ్మలూరిపేట మొత్తం ఇంటిదారి పట్టింది. మంత్రిగారి కారు కూడా అదే దారి పట్టింది. వెళ్తూ వెళ్తూ కమిషనర్ గారు తాతబ్బాయిని నిలబడ్డ పళాన సస్పెండు చేసి, ఉత్తర్వు తర్వాత వస్తుందన్నారు.

షామియానా కింద ఇద్దరే మిగిలారు. తాతబ్బాయి ఒక కుర్చీలో కూర్చుని, గ్లాసెత్తి, ఒక్క గుక్కలో నీళ్ళన్నీ తాగేశాడు. ప్రణవ్ వేదిక మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"నేను నిజమే చెప్పాను సర్," అన్నాడు. "అవి మంచి నీళ్ళే. ఒక్కొక్కరికీ చెవిలో చెప్పాను. అమ్మతోడు అన్నాను. ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు సర్!"

"నాకు తెలుసు బాబూ. నువ్వు పోస్తుంటే చూశాను." తాతబ్బాయికి వాడి మీద నిజంగానే జాలేసింది. "మొదట్లో బాధగానే ఉంటుంది."

అయినా ఆయన మనసులో ఇంకో గుబులుంది. ఇవాళైతే వెళ్ళిపోయారు. రేపు ఆ ట్యాంకు కుళాయిలు తిప్పేస్తారు. దాహం ఊరుకోదు. వారం పోయాక ఎవరో ఒకరు, "ఏం అవుతుందిలే" అని బిందె పెట్టరా? ఇప్పుడు తనకి ఉద్యోగమూ లేదు, మైకూ లేదు, ఇల్లిల్లూ తిరిగి ఎంతమందికని చెప్తాడు?

ప్రణవ్ కళ్ళు తుడుచుకుని లేచాడు. పలక తీశాడు. ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది. "ఏమీ అనుకోకండి సర్, డ్యామేజ్ కంట్రోల్ చెయ్యాలి. రేపు పొద్దున్నకల్లా ఊరంతా ఫ్లెక్సీలు పడతాయి. 'తాతబ్బాయి మాటలు నమ్మవద్దు. ట్యాంకు నీరు అమృతము. ఇట్లు, పురపాలక సంఘము.' మీ ఫోటో కూడా వేస్తాం. మీ పరువు పోతుంది. సారీ సర్."

తాతబ్బాయి చివాలున కుర్చీలోంచి లేచాడు. గుండెల మీంచి బరువు దిగిపోయింది. ప్రణవ్ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

"వెయ్యి బాబూ, వెయ్యి! బాగా పెద్ద అక్షరాలతో వెయ్యి. పసిపిల్లలున్న మా వీధిలో ఇంకో రెండు ఎక్కువే వెయ్యి!"